ఆధునిక భౌతికశాస్త్రం, ఆధ్యాత్మిక అనుభవం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ త్రినగరిలో భౌతికశాస్త్రం మీద ఎక్కడ ఉపన్యాసం జరిగినా, ప్రశ్నల సమయం రాగానే చర్చ ఎలక్ట్రాన్ నుంచి ఆత్మ వైపు మళ్లడం మామూలే. ఇంటర్ విద్యార్థులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ధ్యాన శిబిరాలకు వెళ్లివచ్చినవారు, హేతువాదులు కూడా అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు అడుగుతారు కనుక, సమాధానాలను ఒకచోట రాసి పెడుతున్నాను. నేను భౌతికశాస్త్రం చెప్పుకొని బతికినవాణ్ని, పుట్టి పెరిగింది మాత్రం భజనలు జరిగే ఇంట్లో. కాబట్టి రెండింటిలో దేన్నీ చులకన చేసే ఉద్దేశం నాకు లేదు.

క్వాంటమ్ భౌతికశాస్త్రం అద్వైతాన్ని నిరూపించిందంటారు. నిజమేనా?

నిజం కాదు. ఒక కొలత చేస్తే ఏ ఫలితం ఎంత సంభావ్యతతో వస్తుందో చెప్పడమే క్వాంటమ్ సిద్ధాంతం చేసే పని, ఆ పనిని అది అసాధారణమైన కచ్చితత్వంతో చేస్తుంది. ఆ లెక్కల వెనుక ఉన్న వాస్తవం ఎలాంటిదన్న దగ్గర మాత్రం భౌతికశాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయం లేదు. నీల్స్ బోర్ సంప్రదాయం ఒక మాట చెబుతుంది. 1952లో డేవిడ్ బోమ్ ప్రతిపాదించిన వివరణలో కణాలకు ఎప్పుడూ నిర్దిష్టమైన స్థానాలుంటాయి. 1957లో హ్యూ ఎవరెట్ చెప్పిన దాని ప్రకారం సాధ్యమైన ఫలితాలన్నీ వేర్వేరు శాఖల్లో జరుగుతూనే ఉంటాయి. ఈ మూడూ ప్రయోగశాలలో ఒకే జవాబులు ఇస్తాయి. వాస్తవం గురించి తానే ఒక్క మాట మీద నిలబడని సిద్ధాంతం, శంకరుల మాటకు సాక్ష్యం చెప్పిందనడం ఎలా కుదురుతుంది?

మరి ష్రోడింగర్ అంతటివాడు ఉపనిషత్తులను నమ్మాడు కదా?

నమ్మారు, శ్రద్ధగానే చదివారు. అయితే ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగిందన్నది చూడాలి. ఎర్విన్ ష్రోడింగర్‌కు వేదాంతం పరిచయమైంది మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే కాలంలో, జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ రచనల ద్వారా. చైతన్యం అందరిలోనూ ఒక్కటేనన్న భావనను ఆయన 1925లోనే తన సొంత నమ్మకంగా ఒక వ్యాసంలో రాసుకున్నారు. ఆయన పేరును నిలబెట్టిన తరంగ సమీకరణం వెలువడింది 1926లో. అంటే సమీకరణం చూసి వేదాంతానికి వచ్చినవారు కారు. వేదాంతం చదివి సమీకరణం రాశారన్నదీ సరికాదు, ఎందుకంటే దానికి దారి చూపింది 1924లో లూయీ ద బ్రోలీ ప్రతిపాదించిన ద్రవ్య తరంగాల భావన, అంటే పదార్థ కణాలకు కూడా తరంగ స్వభావం ఉంటుందన్న భావన. 1943లో డబ్లిన్‌లో జీవం గురించి ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చినప్పుడు, ఆత్మ, బ్రహ్మ ఒక్కటేనన్న ఉపనిషద్భావాన్ని చివర్లో ఎంతో ఆదరంతో ప్రస్తావించారు కానీ, దానికి రుజువుగా తన సమీకరణాన్ని ముందుకు తేలేదు.

పైగా పాస్కువల్ జోర్డాన్ అనే సహశాస్త్రజ్ఞుడు క్వాంటమ్ అనిశ్చితత్వం నుంచి మనిషి ఇచ్ఛాస్వాతంత్ర్యాన్ని రాబట్టాలని చూసినప్పుడు ష్రోడింగర్ ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. 1935లో ఆయన ఊహాప్రయోగంగా చెప్పిన పెట్టెలోని పిల్లి కథను కూడా ఇక్కడ చాలామంది తలకిందులుగా చెబుతారు. ఒకే సమయంలో బతికీ చచ్చీ ఉండే పిల్లి ప్రకృతిలోని అద్భుతమని ఆయన చెప్పలేదు. అప్పటికి చెలామణిలో ఉన్న వ్యాఖ్యానాన్ని చివరిదాకా లాగితే ఇంత అసంబద్ధమైన చోటికి చేరతామని ఎత్తి చూపడానికే ఆ పిల్లిని పెట్టెలో పెట్టారు.

బోర్, హైజెన్‌బర్గ్, ఓపెన్‌హైమర్ సంగతి ఏమిటి?

డెన్మార్క్ ప్రభుత్వం 1947లో గౌరవించినప్పుడు బోర్ తన వంశచిహ్నంలో చైనీయుల యిన్-యాంగ్ గుర్తును పెట్టుకున్నారు. తరంగమూ కణమూ పరస్పర పూరకాలన్న తన ఆలోచనకు అది తగిన బొమ్మ అనుకున్నారు, అంతే. హైజెన్‌బర్గ్ 1929లో భారతదేశం వచ్చి కలకత్తాలో రవీంద్రనాథ్ టాగోర్‌ను కలిసిన మాట వాస్తవం. కానీ అనిశ్చితత్వ సూత్రం ఆయన 1927లోనే ప్రచురించారు, కనుక ఆ సూత్రం మన దేశపు ప్రసాదమని చెప్పే ప్రసంగాలకు తేదీలే అడ్డం వస్తాయి. అమెరికా అణుబాంబు తయారీకి శాస్త్రీయంగా నాయకత్వం వహించిన ఓపెన్‌హైమర్ బర్క్‌లీలో ఆర్థర్ రైడర్ అనే ఆచార్యుని దగ్గర సంస్కృతం నేర్చుకొని గీతను మూలంలో చదివారు. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో తొలి అణుపరీక్ష జరిగినప్పుడు గీతలోని విశ్వరూప సందర్భం గుర్తుకు వచ్చిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. అది ఒక మనిషి అంతరాత్మకు సంబంధించిన విషయం. బాంబు పనిచేసిన తీరులో గీతకు ప్రమేయం లేదు.

పరిశీలకుడు చూస్తేనే కణం ఏర్పడుతుందట. అంటే మనసే ప్రపంచాన్ని సృష్టిస్తోందని కాదా?

అన్నిటికంటే ఎక్కువసార్లు వినిపించే ప్రశ్న ఇదే కనుక కొంచెం తీరిగ్గా చెబుతాను. ముందుగా ఇంట్లోనే ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. స్టేషనరీ దుకాణంలో దొరికే ఎర్ర లేజర్ పాయింటర్ ఒకటి, తలవెంట్రుక ఒకటి, సెల్లోటేపు ముక్క ఒకటి చాలు. వెలుగు బయటికి వచ్చే రంధ్రానికి సరిగ్గా నడుమ వెంట్రుక నిలువుగా ఉండేలా టేపుతో అతికించి, గదిలో లైట్లు ఆర్పి, మూడు మీటర్ల దూరంలోని తెల్లగోడ మీదికి వెలుగును పంపండి. (లేజర్ ఎవరి కళ్లలోనూ పడకూడదు, పిల్లలతో చేయించేటప్పుడు మరీ జాగ్రత్త.) గోడ మీద వెంట్రుక నీడ పడదు. ఎర్రటి వెలుగు మచ్చలు, వాటి నడుమ చీకటి ఖాళీలు అడ్డంగా వరుస కడతాయి. వెంట్రుకకు కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి వచ్చిన వెలుగు కలిసి వ్యతికరణం చెందడమే, అంటే ఒకచోట ఒకదాన్నొకటి పెంచుకొని మరోచోట రద్దు చేసుకోవడమే, దీనికి కారణం. లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, వెంట్రుక మందం 70 మైక్రోమీటర్లు అయితే పక్కపక్క మచ్చల నడుమ దూరం సుమారు 2.8 సెంటీమీటర్లు రావాలి. స్కేలు పెట్టి కొలిచి, లెక్కను వెనక్కి తిప్పితే మీ వెంట్రుక మందం ఎంతో తేలుతుంది.

ఇప్పుడు ఫోన్‌ను గోడకు ఎదురుగా నిలబెట్టి, టైమర్ పెట్టి, అందరూ గది బయటికి వెళ్లిపోండి. తిరిగి వచ్చి చూస్తే ఫొటోలో అవే మచ్చలు, అదే దూరంలో ఉంటాయి. ఎవరూ చూడకపోయినా గోడ తన పని తాను చేసుకుపోయింది. క్వాంటమ్ సిద్ధాంతంలో కొలత అన్నప్పుడు నూటికి తొంభై తొమ్మిది సందర్భాల్లో అర్థం ఇదే: కణానికీ, ఫలితాన్ని నమోదు చేసే మరో వస్తువుకూ మధ్య జరిగే భౌతికమైన తాకిడి. 1999లో వియన్నాలో ఆంటన్ జైలింగర్ బృందం అరవై కర్బన పరమాణువులున్న అణువులతో కూడా వ్యతికరణ చారలను చూపించింది. అదే వియన్నాలో తరువాత జరిగిన ఇలాంటి ప్రయోగాల్లో, పరికరంలోకి కొద్దికొద్దిగా వాయువును వదిలినప్పుడు చారలు క్రమంగా మాసిపోయాయి. అక్కడ చూసిన మనసు ఏదీ లేదు, వచ్చి తగిలిన వాయు అణువులు మాత్రమే ఉన్నాయి.

మనసుకు పాత్ర ఉందన్నవారు అసలు లేకపోలేదు. 1932లో ఫాన్ నాయ్‌మన్ గణితంలో కొలతకూ కొలిచేవారికీ మధ్య గీతను ఎక్కడైనా గీయవచ్చని తేలింది, 1961లో యూజీన్ విగ్నర్ ఆ గీతను చైతన్యం దగ్గరే గీయాలని వాదించారు. కానీ కొలతలో వస్తువు చుట్టూ ఉన్న పరిసరాల పాత్రను 1970లో డీటర్ జే అనే భౌతికశాస్త్రజ్ఞుడు వివరించాక, విగ్నర్ తానే ఆ వాదం నుంచి వెనక్కి తగ్గారు. మన ప్రసంగాలలో 1961 విగ్నర్ మాత్రమే కనిపిస్తాడు, తరువాతి విగ్నర్ కనిపించడు. కొలత సమస్య పూర్తిగా పరిష్కారమైందని నేను అనను. పరిష్కారం కాని చోట మన ఇష్టదైవాన్ని ప్రతిష్ఠించడం తొందరపాటు అంటున్నాను.

అనిశ్చితత్వ సూత్రమూ మాయావాదమూ ఒక్కటే కదా?

కాదు. కణం స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ రెండింటినీ ఒక హద్దును మించిన కచ్చితత్వంతో ఏకకాలంలో నిర్ణయించలేమని ఆ సూత్రం చెబుతుంది, ఆ హద్దు ఎంతో అంకెలతో సహా చెబుతుంది. ప్రపంచం భ్రమ అని అది ఎక్కడా చెప్పదు.

దూరంగా ఉన్న కణాల మధ్య క్వాంటమ్ బంధం ఉంటుందట. తల్లికీ, దూరదేశంలోని బిడ్డకూ మధ్య కలిగే స్ఫురణకు అదే కారణమా?

ఈ బంధం క్వాంటమ్ సిద్ధాంతం చెప్పినట్టే ఉంటుందా అని తేల్చడానికి 1964లో జాన్ బెల్ ఒక గణిత పరీక్షను ప్రతిపాదించారు. 1982లో ఆలెన్ అస్పె పారిస్ దగ్గర చేసిన ప్రయోగాలు అందులో క్వాంటమ్ సిద్ధాంతానికే అనుకూలంగా తేల్చాయి. అస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పరంపరకే. కాబట్టి బంధం నిజమైనదే. కానీ దాని ద్వారా కబురు పంపడం సాధ్యం కాదన్నదీ అంతే నిజం. జంట కణాలలో ఒకటి హనుమకొండలో, మరొకటి కరీంనగర్‌లో ఉన్నాయనుకోండి. రెండుచోట్లా కొలిచేవారికి వచ్చేవి ఏ క్రమమూ లేని ప్లస్‌లు, మైనస్‌లు మాత్రమే. సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకొని రెండు జాబితాలను పక్కపక్కన పెట్టుకున్నప్పుడే వాటి మధ్య సంబంధం బయటపడుతుంది. ఆ ఫోనే లేకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. తల్లి మనసులో కలిగిన స్ఫురణకు వివరణ ఏదైనా ఉంటే ఉండవచ్చు, అది ఇది మాత్రం కాదు.

భాగవతంలోని కకుద్మి కథ కాల విస్తరణే కదా?

కూతురు రేవతికి వరుణ్ని అడగడానికి కకుద్మి బ్రహ్మలోకానికి వెళ్లి, అక్కడి గానం ముగిసేదాకా కాసేపు ఆగి అడిగేసరికి, భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయని బ్రహ్మ నవ్వుతూ చెప్పిన కథ నవమ స్కంధంలో ఉంది. కాలం అందరికీ ఒకేలా నడవదన్న ఊహ గొప్పది. సాపేక్షతా సిద్ధాంతం చెప్పేది మాత్రం ఊహ కాదు, లెక్క. ఎంత వేగంతో వెళితే, ఎంత గురుత్వంలో ఉంటే గడియారం ఎంత తేడాగా నడుస్తుందో అది చెప్పగలదు. మీ ఫోన్‌కు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు నేల మీది గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సరిదిద్దకుండా వదిలేస్తే రోజుకు కిలోమీటర్ల కొద్దీ తప్పు పేరుకుపోతుంది. ధ్యానంలో కాలం ఆగినట్టు అనిపించడం వేరే సంగతి. ఆ సమయంలో ధ్యాని చేతికి ఉన్న గడియారం మామూలుగానే నడుస్తుంది.

పోతన చెప్పిన పెంజీకటి అంటే డార్క్ మ్యాటరా, బ్లాక్ హోలా?

బమ్మెర మన జనగామ జిల్లాలోనే ఉంది కనుక ఈ ప్రశ్న ఇక్కడ అభిమానంతోనే వస్తుంది. లోకాలు, లోకాధిపతులు, అందులో ఉండేవారు అందరూ నశించిన తరువాతి గాఢాంధకారానికి ఆవల, ఒకే రూపంతో వెలిగే వాణ్ని సేవిస్తానని గజేంద్రుడు అంటాడు. విశ్వంలో సుమారు 27 శాతంగా అంచనా వేస్తున్న డార్క్ మ్యాటర్ (కంటికి కనిపించని పదార్థం) అలాంటిది కాదు. అది ఇప్పుడే, ఇక్కడే, మన చుట్టూ కూడా ఉన్నదనీ, నక్షత్రమండలాల భ్రమణాన్నీ కాంతి వంపునూ బట్టి దాని బరువు తెలుస్తోందనీ ఖగోళశాస్త్రజ్ఞులు అంటారు. నా మటుకు, ఆ పద్యాన్ని ఖగోళ పాఠంగా చదివితే నష్టం పద్యానికే. మొసలి నోట కాలు చిక్కి, బలమంతా ఉడిగిపోయిన ప్రాణి తన ఆఖరి ఆసరాను పిలిచే పిలుపు అది. దానికి శాతాలతో పని లేదు.

పాజిటివ్ ఎనర్జీ, వైబ్రేషన్స్ అనేవి భౌతికశాస్త్రంలో ఉన్నాయా?

ఆ అర్థంలో లేవు. భౌతికశాస్త్రంలో శక్తిని జౌళ్లలో కొలుస్తారు, కంపనాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. జౌళ్లు, హెర్ట్జ్‌లు చెప్పలేనివారు ఆ మాటలను మనశ్శాంతి అన్న అర్థంలో వాడుకుంటే నాకు పేచీ లేదు. వాటితో వస్తువులు అమ్మితేనే పేచీ.

ఐనవోలు, కొమురవెల్లి జాతరలలో శివసత్తులు శిగం ఊగడం కూడా ఆధ్యాత్మిక అనుభవమేనా?

ఈ ప్రశ్నను నన్ను చాలా తక్కువమంది అడిగారు, అదే నాకు ఆశ్చర్యం. క్వాంటమ్ సిద్ధాంతమూ వేదాంతమూ ఒక్కటేనని గంటసేపు మాట్లాడేవారికి, సంక్రాంతినాడు ఐనవోలు మల్లన్న గుడి ముందు శివసత్తులనే భక్తురాళ్లకు శిగం వచ్చినప్పుడు, అంటే దేవుడు పూనినప్పుడు, కనిపించే అనుభవం గుర్తుకే రాదు. ముఖాన పసుపు, నుదుట రూపాయంత బొట్టు, విరబోసుకున్న జుట్టు, చేతిలో వేపకొమ్మ. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం వేస్తారు, గాలిలో బండారి (పసుపు పొడి) లేస్తుంది. డోలు దెబ్బ వేగం అందుకోగానే ముందు భుజాలు అదురుతాయి, తరువాత తల ఊగుతుంది, ఆ పైన మనిషంతా ఊగుతుంది. శిగం దిగాక కూలబడి నీళ్లు అడుగుతారు. ఏం జరిగిందని అడిగితే నాకేం యాదికి లేదంటారు చాలామంది.

అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో ఇలాంటి అనుభవాలకు నాలుగు లక్షణాలు చెప్పారు: మాటలకు అందకపోవడం, లోతైనదేదో తెలిసిందన్న నిశ్చయం, ఎక్కువసేపు నిలవకపోవడం, తన ఇచ్ఛ కాక మరేదో తనను పట్టుకుందన్న భావన. కడపటి రెండూ శిగంలో స్పష్టంగా కనిపిస్తాయి. మొదటి రెండింటి గురించి, గుర్తు లేదనేవారి విషయంలో తొందరపడి తీర్పు చెప్పలేం. మౌనంగా కూర్చున్న ధ్యాని అనుభవమూ, కాజీపేట దర్గా ఉర్సులో ఖవ్వాలీ వింటూ తనను తాను మరిచిన సూఫీ అనుభవమూ, శివసత్తుల అనుభవమూ ఒకటేనని నేను అనను. అయితే ఇంగ్లీషు పుస్తకాల్లోని తరంగాలతో పోల్చడానికి వీలైనదే ఆధ్యాత్మికం, డోలు దెబ్బకు ఊగేది మూఢత్వం అని గీత గీస్తే, అది భౌతికశాస్త్రం గీసిన గీత కాదు. చదువు, కులం గీసినది.

మెదడు పరిశోధనలు ఈ అనుభవాలు వట్టివని తేల్చాయా?

తేల్చలేదు, తేల్చలేవు కూడా. ఆండ్రూ న్యూబర్గ్ వంటివారు ధ్యానం చేసేవారి మెదడు చిత్రాలను తీసి, శరీరం ఎక్కడ ముగిసి పరిసరం ఎక్కడ మొదలవుతుందో గుర్తించడంలో పాలుపంచుకునే భాగంలో చురుకుదనం తగ్గడాన్ని గమనించారు. హద్దులు కరిగిపోయాయన్న మాటకు శరీరంలో ఒక జాడ ఉందని దాన్నిబట్టి అనుకోవచ్చు. జాడ ఉన్నంత మాత్రాన అనుభవం అబద్ధం కాదు, నిజమని రుజువూ కాదు. మామిడిపండు రుచికీ మెదడులో జాడ ఉంటుంది. మెదడులోనే క్వాంటమ్ ప్రక్రియలు చైతన్యాన్ని కలిగిస్తాయన్న రోజర్ పెన్‌రోజ్, స్టువర్ట్ హామరాఫ్‌ల ప్రతిపాదన వేరొకటి. మెదడు వంటి వెచ్చని, తడి వాతావరణంలో అలాంటి స్థితులు సెకనులో లక్షకోట్ల వంతు కంటే కూడా తక్కువ కాలంలో చెదిరిపోతాయని మాక్స్ టెగ్‌మార్క్ 2000లో లెక్కవేశారు. వారు ఆ లెక్కతో విభేదించారు. వాదం తెగలేదు.

రెండింటినీ ముడిపెడితే నష్టమేమిటి? జనానికి ధైర్యం వస్తుంది కదా?

ఇప్పటి కరపత్రాల్లో క్వాంటమ్ అన్న మాట ఉన్నచోట, నూట ముప్పై ఏళ్ల కిందటి కరపత్రాల్లో ఈథర్ అన్న మాట ఉండేది. వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉన్న పదార్థమని ఆనాటి శాస్త్రజ్ఞులు నమ్మిన ఈథర్‌లోనే, ఆత్మల నివాసమూ మన ఆకాశ తత్వమూ ఉన్నాయని దివ్యజ్ఞాన సమాజం వారు (థియోసాఫిస్టులు) మొదలుకొని చాలామంది చెప్పారు. రేడియో తరంగాల తొలి పరిశోధకులలో ఒకరైన సర్ ఆలివర్ లాడ్జ్ కుమారుడు రేమండ్ 1915లో యుద్ధంలో మరణించాడు. కొడుకు ఇంకా ఉన్నాడనీ, మరణించినవారికి ఈథరే ఆధారమనీ ఆ తండ్రి గట్టిగా నమ్మారు. కానీ 1887లో మైకెల్సన్, మోర్లీ చేసిన ప్రయోగంలో ఈథర్ జాడ దొరకలేదు, 1905లో ఐన్‌స్టీన్ దాని అవసరమే లేదన్నారు. మెల్లగా పాఠ్యపుస్తకాల నుంచి అది వెళ్లిపోయింది. లాడ్జ్ మాత్రం 1940లో కన్నుమూసేదాకా దాన్ని వదలలేదు. కొడుకు మీది ప్రేమకు ఈథర్ పూచీ అక్కర్లేదు. పూచీ పెట్టినందువల్ల, ఈథర్‌తో పాటు ఆయన దుఃఖం కూడా నవ్వులపాలైంది.

పదార్థమూ బలమూ ఒకే శక్తికి రూపాలని గణితంతో చూపగలనని నికోలా టెస్లా అన్నారనీ, అదే జరిగితే వేదాంత సృష్టిక్రమానికి గట్టి పునాది దొరుకుతుందనీ వివేకానందుడు 1896లో ఎంతో ఆశతో ఒక ఉత్తరం రాశారు. ఆ గణితం టెస్లా నుంచి రాలేదు. వివేకానందుడు చెప్పిన వేదాంతం అందువల్ల ఏమైనా తగ్గిందా? సిద్ధాంతాలు మారడం భౌతికశాస్త్రానికి ఆరోగ్యలక్షణం. రేపు మారబోయేదానికి అనుభవాన్ని కట్టేస్తే, అది మారిననాడు అనుభవం కూడా బోనెక్కవలసి వస్తుంది.

మన ప్రాచీనులకు ఇదంతా ముందే తెలుసా?

వైశేషిక దర్శనం చెప్పిన కణాదుని పరమాణువు విడదీయరానిది, నిత్యమైనది. ఇప్పటి పరమాణువు విడిపోతుంది. రెండూ వేర్వేరు ఆలోచనలు. రామప్ప శిల్పులకు నీటిలో తేలే ఇటుకలు చేయడం తెలుసు, ఇసుక నింపిన పునాది మీద గుడిని నిలపడమూ తెలుసు. ఆ పనితనాన్ని పనితనంగా మెచ్చుకోవడమే వారికి మర్యాద.

అయితే ఈ రెండింటి మధ్య అసలు సంబంధమే లేదంటారా?

ఉంది, కాకపోతే వెతకవలసిన చోటు వేరు. 1919 సూర్యగ్రహణం నాడు ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించిన ఆర్థర్ ఎడింగ్టన్ క్వేకర్ మతస్థుడు, మౌన ప్రార్థనలో కూర్చునే సంప్రదాయంలో పెరిగినవాడు. ఆయన చెప్పిన ఒక పరీక్ష ప్రశ్న ఉంది. గడ్డి కొండవాలు మీద ఒక ఏనుగు జారుతోందని ప్రశ్న మొదలవుతుంది. విద్యార్థి ఏనుగును పట్టించుకోడు, బరువు రెండు టన్నులని రాసుకుంటాడు. కొండ పోయి అరవై డిగ్రీల వాలు మిగులుతుంది, మెత్తని పచ్చిక పోయి ఘర్షణ గుణకం మిగులుతుంది. చివరికి జవాబు సరిగ్గానే వస్తుంది, ఏనుగు మాత్రం కనిపించదు. భౌతికశాస్త్రం చేతికి అందేవి సూచిక చూపే అంకెలు, వాటి మధ్య సంబంధాలు. ఆ అంకెల వెనుక ఉన్నది ఏమిటో అది చెప్పదన్నది ఎడింగ్టన్ అభిప్రాయం. అంతమాత్రాన, మత విశ్వాసాలను భౌతికశాస్త్రం నుంచి నిరూపించే ప్రయత్నాన్ని ఆయన ఒప్పుకోలేదు.

నాకు కనిపించే సంబంధం ఇక్కడే ఉంది. బయటి నుంచి కొలిచే జ్ఞానానికి ఒక అంచు ఉంది, లోపలి నుంచి మాత్రమే తెలిసేది ఒకటి ఆ అంచు అవతల మిగిలి ఉంది. ఎరుపు రంగు తరంగదైర్ఘ్యం ఎంతో చెప్పగలం కానీ, ఎరుపు ఎలా ఉంటుందో పుట్టుగుడ్డికి సమీకరణంతో చెప్పలేం. ఎరుక అనేది పదార్థంలో ఎలా కలుగుతుందన్న ప్రశ్నకు ఇప్పటికీ ఎవరి దగ్గరా ఒప్పుకోదగిన జవాబు లేదు. 1961 నుంచి రెండు దశాబ్దాలకు పైగా డేవిడ్ బోమ్, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కలిసి సంభాషించినది ప్రధానంగా ఆలోచన, కాలం, చూపు వంటి విషయాల మీద. వాటిని చదివితే, ఎవరూ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వకుండా ఇద్దరు మనుషులు ఒక ప్రశ్న దగ్గర ఎంతసేపు నిలబడగలరో తెలుస్తుంది.

నాకు ధ్యానంలో ఒక అనుభవం కలిగింది. అది భౌతికశాస్త్రం ప్రకారం సరైనదో కాదో చెప్పగలరా?

చెప్పలేను. అనుభవం మీకు కలిగింది, అందులో నాకు సందేహం లేదు. దాని అర్థం ఏమిటన్నది మీ గురువుతోనో, మీ సంప్రదాయం తెలిసిన పెద్దలతోనో మాట్లాడుకోవలసిన విషయం. నిద్ర పట్టకపోవడం, భయం, పనులు చేసుకోలేకపోవడం వంటివి దానితో పాటు మొదలైతే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఈ విషయాలు చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

భౌతికశాస్త్రం వైపు నుంచి అయితే, తెలుగు అకాడమీ ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకంలో తరంగ దృశాశాస్త్రం, ద్వంద్వ స్వభావం గురించిన అధ్యాయాలతో మొదలుపెట్టి, లెక్కలు వదలకుండా చేయండి. పైన చెప్పిన వెంట్రుక ప్రయోగం ఆ రెండింటి నడుమ చేస్తే బాగుంటుంది. రెండోవైపు నుంచి అయితే, మీ ఇంట్లో ఏ సంప్రదాయం ఉందో దాని మూలగ్రంథాన్నే ముందు చదవండి, దాని మీద వచ్చిన క్వాంటమ్ వ్యాఖ్యానాలను తరువాత చూడవచ్చు.